నిద్దర సారు రూళ్ళ పుస్తకం

మా మాస్టారుకి నత్తి. మాట 'ప'తో మొదలైతే చాలు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఆగిపోయేవారు. ఇంట్లో పప్పు కావాలంటే వేలితో గిన్నె చూపించేవారు. బస్సులో పక్కకి జరగమని అడగలేక గంటసేపు నిలబడే ప్రయాణం చేసేవారు. అలాంటి మనిషి ఎవరినైనా ఎదుట కూర్చోబెట్టుకుని "నా గొంతే వినండి, కళ్ళు బరువెక్కుతున్నాయి" అని మొదలుపెట్టారంటే, ఆ తర్వాత అరగంటసేపు ఒక్క అక్షరం తడబడేది కాదు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరించేది. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకున్నా అంతే.

అరవైల మొదట్లో ఆయన నెల్లూరులో ఉండి, ఉపాధ్యాయులు కాబోయేవాళ్ళకి మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. గోదావరి వైపు మనిషి. జీతం కోసం చేసే పని పాఠం చెప్పడం. ప్రాణం పెట్టుకున్న పని హిప్నాటిజం. ఊళ్ళో ఆయన్ని 'నిద్దర సారు' అనేవాళ్ళు. కొందరు ఆయన ఎదురొస్తే కళ్ళు దించుకుని దాటిపోయేవాళ్ళు, ఎక్కడ చూపుతో కట్టేస్తాడోనని. ఒకసారి సంగం నుంచి ఒక రైతు వచ్చి, తప్పిపోయిన బర్రె ఎక్కడుందో నిద్రలో కనుక్కుని చెప్పమన్నాడు. మాస్టారు సీరియస్‌గా విని, ముందు ఆ గేదెని తీసుకొస్తే నిద్రపుచ్చి దాన్నే అడుగుతానన్నారు. ఆ రైతు కాసేపు ఆలోచించి, అది కూడా నిజమే అని వెళ్ళిపోయాడు.

నేను ఆయన దగ్గర చేరింది రాత కోసం. మాది కూడా సంగం పక్కనే ఒక పల్లె, వరి పండించుకునే కుటుంబం. మా నాన్న ఊరందరికీ గొలుసుకట్టు రాతలో ఉత్తరాలు రాసిపెట్టేవాడు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలిస్తూ పోయే ఆ రాత నాకూ అబ్బింది. మనిషి మాట్లాడినంత వేగంగా రాయగలిగేదాన్ని. బి.ఏ. ప్యాసై ఇంట్లో కూర్చున్న నాకు ఈ ఉద్యోగం దొరికినప్పుడు మా అమ్మ గుండెలు బాదుకున్నంత పని చేసింది, కళ్ళు కట్టేవాడి దగ్గర ఆడపిల్లకి కొలువేమిటని. మాస్టారు భార్య స్వయంగా మా ఊరికి వచ్చి, తన ఇంట్లో తన కళ్ళెదుటే ఉంటుందని మాటిచ్చి తీసుకెళ్ళింది.

నా పని ఇదీ. పొడుగాటి రూళ్ళ పుస్తకంలో ప్రతి పేజీకీ మధ్యలో నిలువుగా గీత. ఎడమవైపు గడిలో మాస్టారు అన్న మాట, అన్నది అన్నట్టుగా. కుడివైపు గడిలో ఆ మాటకి ఎదుటి మనిషి ఏం చేశాడో అది. రెప్ప కదిలిందా, పెదవి తడుపుకున్నాడా, ఊపిరి మారిందా, ఏమీ లేకపోతే 'ఏమీ లేదు' అని. గడి ఖాళీగా వదలకూడదు, నేను నోరు విప్పకూడదు. ఈ రెండే ఆయన పెట్టిన నియమాలు. నాకసలే ఓపిక తక్కువ. మనిషి కూర్చుని రెప్పలు ఆడించడం గురించి నలభై పేజీలు రాయడం ఏం చదువో అనుకునేదాన్ని. ఒకసారి విసుగెత్తి అడిగేశాను కూడా. మాట ఒంటి మీద ఎలా దిగుతుందో ఎవరికీ తెలియదు అమ్మాయ్, చూసి రాసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్నది అన్నారు.

ఆ విసుగు ఒక్క మధ్యాహ్నంతో పోయింది. ఆస్పత్రిలో ఆయన స్నేహితుడైన డాక్టరు ఉండేవాడు. మత్తుమందు పడని ఒక ముసలాయనకి పుచ్చిపోయిన దవడపన్ను తీయాలి. మాస్టారు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒకటి నుంచి తొమ్మిది వరకూ లెక్కపెట్టి, దవడ మీద వానచినుకులు కురుస్తున్నాయి, చల్లబడింది, దూరంగా ఉంది అని చెబుతూ పోయారు. డాక్టరు పన్ను పీకాడు. ముసలాయన మూలగలేదు. లేచాక రుమాలులో పన్ను చూసుకుని, ఎవరిదని అడిగాడు. నా కుడివైపు గడిలో ఆ రోజు అక్షరాలు వంకర్లు పోయాయి. మందు లేదు, మంత్రం లేదు, ఉన్నది నేను రోజూ మాట్లాడే తెలుగే. అందులో ఇంత బలం ఉందని నాకెవరూ చెప్పలేదు.

ఆయన లెక్క ఎప్పుడూ తొమ్మిదితోనే ఆగేది. నవగ్రహాలకి ఒక్కొక్క అంకె అని బయట చెప్పుకునేవాళ్ళు. నేనడిగితే, తొమ్మిది చాలదా అని నవ్వేసేవారు.

ఆ డాక్టరే ఒకనాడు సముద్రం వైపు ఊరి నుంచి వచ్చిన ఒకావిడ గురించి చెప్పాడు. చేపలు పట్టుకు బతికే కుటుంబం. ముప్ఫై ఏళ్ళుంటాయి. అంతకు ముందు సంవత్సరం పులికాటు సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ బోల్తాపడి ఆమె తమ్ముడు పోయాడు, ఆమె బతికింది. మూడో రోజు నుంచి ఆమె కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుపోయి తెరుచుకోలేదు. గోళ్ళు అరచేతిలోకి దిగి పుండు పడింది. క్లోరోఫాం ఇచ్చి పడుకోబెడితే ఆ చెయ్యి మామూలుగా తెరుచుకుందట. తెలివి రాగానే మళ్ళీ బిగుసుకుంది. నరాల్లో లోపం లేదు. కానీ పుండు ముదురుతోంది, ఇంకో నెల చూసి వేళ్ళు తీసెయ్యక తప్పదు అన్నాడు. చేపలు కోసి ఉప్పు పెట్టాలన్నా, చిరిగిన వల కుట్టాలన్నా ఆమెకి ఆ చెయ్యే ఆధారం.

ఆ ఆదివారమే బయలుదేరాం. చిట్టమూరులో బస్సు దిగి, ఎద్దుల బండి మీద ఇసుక దారిలో రెండు గంటలు. ఊరి బడిగదిలో చాప వేశారు. ఆమె చెయ్యి గుడ్డలో చుట్టుకుని వచ్చి కూర్చుంది. గుడ్డ విప్పగానే వాసన వచ్చింది. ఆ పిడికిలి ఎముకలు తెల్లగా పొడుచుకొచ్చి ఉన్నాయి. రాత్రీ పగలూ అలా బిగించే ఉంటుందట. నేను పెన్సిల్ పట్టుకున్న నా వేళ్ళని చూసుకుని సిగ్గుపడ్డాను, ఎందుకో తెలియదు.

ఆమె చాలా తొందరగా నిద్రలోకి వెళ్ళింది. మాస్టారు మొహం వెలిగింది. భుజం వదిలెయ్యండి అన్నారు, భుజం జారింది. మోచెయ్యి వదిలెయ్యండి అన్నారు, జారింది. చేతిని వదిలెయ్యండి, వేళ్ళు వదిలెయ్యండి, అంతా వదిలెయ్యండి. పిడికిలి ఇంకా బిగిసింది. ఆయన గొంతు మరింత మెత్తగా చేసి మళ్ళీ అదే చెప్పారు. వేళ్ళ సందుల్లో ఎర్రగా తడి కనిపించింది. ఆపేశారు.

తర్వాతి ఆదివారం ఆయన మాట మార్చారు. వదలడం వద్దు, చెయ్యి చాపండి, నెమ్మదిగా చాపండి అన్నారు. ఆమె నిద్రలోంచే కళ్ళు తెరిచి లేచి నిలబడింది. "సారూ, తిండికి లేని రోజు కూడా నేను ఎవురికాడా చెయ్యి చాపలా" అంది. కొంగు దులుపుకుని బయటికి వెళ్ళిపోయింది. గోదావరి మనిషికి తెలియదా ఆ మాటకి అడుక్కోవడమనే అర్థం ఉందని? తెలుసు. ఆ క్షణాన తట్టలేదు, అంతే. తిరుగు బండిలో ఆయన ఏదో చెప్పబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగి, ఇక ప్రయత్నించలేదు. డాక్టరు చెప్పిన నెలలో సగం అయిపోయింది.

నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఇంత గొప్ప మనిషి ఇలా దిగాలుగా కూర్చుంటే ఆ చెయ్యి గతేమిటని. ఆ కోపంలోనే పుస్తకం తెరిచి మొదటి ఆదివారం పేజీలు చదివాను. రాసేటప్పుడు చేతికి పనే తప్ప బుర్రకి పని ఉండదు, నేను రాసింది నేనే చదవలేదు. ఎడమ గడిలో 'చేతిని వదిలెయ్యండి'. కుడి గడిలో 'పిడికిలి బిగిసింది'. కింద 'వేళ్ళు వదిలెయ్యండి', 'ఇంకా బిగిసింది'. పేజీ తిప్పినా అంతే. ఆ మాట లేని చోట, కళ్ళ గురించో ఊపిరి గురించో చెప్పిన చోట, పిడికిలి ఊరికే ఉంది. ఆయన మెత్తగా నిమురుతున్నాననుకున్న మాట ఆ చేతిని పొడుస్తోంది. ఈ నిలువు గీతని నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

మాస్టారుకి చెప్పకుండా, ఆయన భార్యకి మాత్రం చెప్పి, ఒక్కదాన్నే ఆ ఊరికి వెళ్ళాను. చెయ్యి బిగుసుకున్న ఆ అక్క తన గుడిసె ముందు కూర్చుని ఎడమచేత్తో, కాలి బొటనవేలి సాయంతో వల కుట్టడానికి తంటాలు పడుతోంది. పక్కన కూర్చుని వల అంచు పట్టుకున్నాను. కాసేపు ఊరి సంగతులు మాట్లాడాక, వదిలెయ్ అంటే నీకెందుకక్కా అంత కోపం అని అడిగేశాను. సుతారంగా అడగడం నాకెప్పుడూ చేతకాలేదు.

ఆమె దారం పళ్ళతో తెంపి, వల పక్కన పెట్టింది.

"గాలి లేసింది పాపా. పడవ బోర్లా పడింది. ఒక చేత్తో చెక్క పట్టుకోనుండా, ఈ చేత్తో వాణ్ణి. వాడు 'అక్కా, పట్టుకో' అంటానే ఉండాడు. అల లాక్కపోయిందని అందురూ అంటారు. అల గాదు. చెక్క జారిపోతుండాదని నేనే వదిలినా. మా అమ్మకి గూడా చెప్పలా."

అయ్యో అనాలి, అలా కాదక్కా అనాలి, అవన్నీ తర్వాత తోచాయి. ఆ మాట ఎవరికైనా చెప్పవచ్చునా అని మాత్రం అడిగాను. నిద్దర సారుకైతే చెప్పమంది, ఆయనెట్టాగూ మనసులోకి చూస్తాడు గదా అంది. ఇంకొక్కసారి ఆయన ముందు కూర్చుంటానని కూడా అంది.

మాస్టారు అంతా విని చేతులతో మొహం కప్పుకున్నారు. ఒక అక్క చేతికి తమ్ముణ్ణి వదిలెయ్యమని ఎన్నిసార్లు చెప్పానో చూడు అన్నారు. నేను ఊరుకోకుండా, ఆ చెయ్యి వదలనని మొండికేసి కూర్చుంది, దానికి కావలసింది వదలడం కాదు, పట్టుకోవడం, పట్టుకోవాలంటే ముందు తెరవాలి గదా అన్నాను. ఆ తమ్ముడు చివరగా అన్న మాటే చెప్పండి, 'పట్టుకో' అనండి అన్నాను.

ఆయన లేచి అటక దగ్గరికి వెళ్ళారు. తర్వాత పాత రూళ్ళ పుస్తకాలన్నీ దించి నా ముందు పెట్టి, ఎడమ గడులన్నీ చూసి, అందులో ఏ అక్షరంతో మొదలయ్యే మాట లేదో చెప్పమన్నారు. నాకు అప్పుడు వెలిగింది. పడుకోండి అని ఎక్కడా లేదు, నిద్రలోకి జారండి అని ఉంది. పైకి అని లేదు, ఎత్తుకి అని ఉంది. లెక్క తొమ్మిదితో ఆగింది, ఎందుకంటే తర్వాతది పది. ఆ అరగంటల్లో ఆయన నత్తి ఏదో మహిమతో మాయమవుతుందని నేను నమ్మాను. మహిమ లేదు. కుర్రతనం నుంచీ, మాట తడబడితే ఎదుటి మనిషి నిద్ర చెదురుతుందనే భయంతో, ఆయన తెలుగునంతా జల్లెడ పట్టి 'ప'తో మొదలవని మాటలు ఏరుకున్నారు. వదిలెయ్యండి అనేది అలా ఏరుకున్న మాటే. మహిమ అనుకున్నప్పుడు కలిగిన ఆశ్చర్యం కంటే ఇది తెలిశాక కలిగిన ఆశ్చర్యం ఎక్కువ. ఒక మనిషి ఇన్నేళ్ళు ఒక్క అక్షరం చుట్టూ తిరిగి నడిచి, ఆ దారిలోనే ఇంతమంది నొప్పి తీశాడు.

ఆ వారమంతా ఆయన పెరట్లో బావి దగ్గర నిలబడి ఒక్క మాటే సాధన చేశారు. ఆయన భార్య పొయ్యి దగ్గర కళ్ళు తుడుచుకునేది. శనివారానికి పదిసార్లు అంటే ఏడుసార్లు సరిగ్గా వచ్చేది.

మూడో ఆదివారం. బడిగది, అదే చాప. నేను వేళ్ళు దగ్గర నుంచి చూడాలని ఆమెకి చెయ్యి అందేంత దూరంలో కూర్చున్నాను. పుస్తకం ఒళ్ళో, పెన్సిల్ చేతిలో. ఆయన ఆమెని తీసుకెళ్ళింది ఎక్కడికో కాదు, ఆ మొగ దగ్గరికే. గాలి లేచింది అన్నారు. ఆమె ఊపిరి మారింది, రాశాను. తమ్ముడు దగ్గరలోనే ఉన్నాడు, చెయ్యి ఇస్తున్నాడు అన్నారు. ఆమె పెదవులు కదిలాయి, రాశాను. పిడికిలి గాలిలోకి లేచి వణకడం మొదలుపెట్టింది. ఇక ఆ మాట అనాలి.

ఆయన "ప" అన్నారు. మళ్ళీ "ప" అన్నారు. మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళు నా వైపు తిరిగాయి. నిద్రపుచ్చేటప్పుడు ఆయన గొంతు ఆగడం నేను చూసిన ఒకే ఒక్కసారి అది. ఆమె నుదుటి మీద చెమట, గాలిలో ఆ పిడికిలి, గది అంతా ఆ మాట కోసం ఆగి ఉంది. నేను నోరు విప్పకూడదన్న రెండో నియమం మర్చిపోయాను. ముందుకు వంగి చెయ్యి చాపి, "అక్కా, పట్టుకో" అన్నాను.

బొటనవేలు ముందు కదిలింది. దాని కింద నుంచి చూపుడువేలు. ఆ తర్వాత మిగతా మూడూ, గోళ్ళు పుండు లోంచి ఊడి వస్తూ, ఒకదాని వెనక ఒకటి విచ్చుకున్నాయి. ఏడాదిగా తానుగా తెరుచుకోని అరచెయ్యి ఒక్క క్షణం తెరిచి ఉంది. అంత పవిత్రమైనది నేను ఏ గుళ్ళోనూ చూడలేదు. మరుక్షణం ఆ చెయ్యి నా మణికట్టుని పట్టుకుంది. పెన్సిల్ కింద పడింది.

మూసిన కళ్ళతోనే ఆమె చాలా మెల్లగా అంది. "పట్టుకున్నా. ఈ తూరి వదల్లా."

మాస్టారుకి గొంతు తిరిగి వచ్చింది. తమ్ముడు విన్నాడు అన్నారు. చెయ్యి ఇలాగే మాట వింటుంది, కళ్ళు తెరిచాక కూడా తెరుచుకుంటుంది, కావలసినప్పుడు మూసుకుంటుంది అన్నారు. తొమ్మిది నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టారు. ఆమె కళ్ళు తెరిచి, తన చేతినీ అందులో ఉన్న నా చేతినీ చూసుకుని, ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తున్నంతసేపూ పట్టు సడలలేదు. నేనూ తీసుకోలేదు.

ఆ చెయ్యి ఆ తర్వాత కొన్ని రాత్రులు నిద్రలో మూసుకునేదట, తెల్లారి తానే తెరుచుకునేది. పుండు మానింది. డాక్టరు కత్తి తీయలేదు. చిటికెనవేలు మాత్రం ఎప్పటికీ పూర్తిగా సాగలేదు. చలికాలానికి ఆమె వల కుడుతోందని, ఆ పడవ సంగతి వాళ్ళమ్మకి కూడా చెప్పుకుందని కబురొచ్చింది.

ఆ రోజు తిరుగు బండిలో మాస్టారు అలవాటుగా పుస్తకం అడిగి తీసుకున్నారు. చివరి పేజీలో ఎడమ గడిలో 'చెయ్యి ఇస్తున్నాడు', కుడి గడిలో 'పెదవులు కదిలాయి' దగ్గర నా రాత ఆగిపోయింది. దాని కింద ఎడమవైపు ఏమీ లేదు, కుడివైపు ఏమీ లేదు. నేను సంజాయిషీగా నా కుడి మణికట్టు చూపించాను. ఐదు వేళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఇంటికెళ్ళి గుర్తున్నంతవరకూ రాసేస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, ఆ గడులు అలాగే ఉండనిమ్మన్నారు. ఆ తర్వాతి మాటకి కాస్త సమయం పట్టింది.

"ప... పర్లేదు అమ్మాయ్," అన్నారు.